బోరు కాడి మట్టి

ఫెబా టీచర్ పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి, తంబళ్లపల్లె దాటాక దిగి, ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆ వారం పాఠం నేల, నీళ్లు, రాళ్లు. పుస్తకంలో బొమ్మలు చూపించి ఊరుకునే రకం కాదావిడ. ఎవరి చేని మట్టి వాళ్లు తెమ్మంది. పిల్లలు కూల్‌డ్రింకు సీసాల్లో తెచ్చారు. నీళ్లు పోసి, మూత బిగించి, బాగా కుదిపి కిటికీలో పెట్టారు.

ఇసుక అడుక్కి దిగింది. దాని మీద ఒండ్రు, ఆపైన బంకమట్టి, అన్నిటికీ పైన తేట నీళ్లు. ఏది బరువో, ఏది ముందు దిగిందో పిల్లల చేత చెప్పించాక, సీసాలు చెవి దగ్గర పెట్టుకోమంది. ఆ ఊరి మట్టి తేరుకున్నాక, దాని మీద నడిచినవాళ్లూ నడవబోయేవాళ్లూ వినిపిస్తారు. పుస్తకం రాసినవాళ్లకే ఆ సంగతి తెలియదు, వాళ్లెక్కడివాళ్లో ఏమో!

"మా తాత దగ్గుతాండాడు మిస్. సచ్చిపోయినా తగ్గలా" అంది రోజా.

సుప్రియ మాత్రం సీసా కింద పెట్టేసింది. "మా తమ్ముడు ఏడస్తాండాడు మిస్."

ఫెబా అందుకుని వింది. మొలతాడు మువ్వలు గలగలమంటూ చిన్న పాదాలు పరుగెత్తాయి. ఠక్కున ఆగాయి. తర్వాత ఏడుపు, ఎక్కడో లోతు నుంచి.

"ఈ మట్టి యాడిదమ్మా?"

"కొత్త బోరు కాడిది మిస్. నీళ్లు పడలా. ఇంకో బోరుకు పనికొస్తాదని నాయన కేసింగ్ పైపు పీకించినాడు. బొక్క మీద గోనెపట్ట కప్పి రాయి పెట్టినాడు."

"తమ్ముడు యాడుండాడు?"

"అవ్వతో ఆడే ఉండాడు, చేన్లో."

పిల్లల్ని పక్క తరగతికి అప్పగించి, సుప్రియ నాన్న మనోజ్‌కు ఫోన్ చేస్తూ, ఆ పిల్ల వెనకే గట్ల మీద పరుగెత్తింది ఫెబా. చెప్పులు ఎక్కడ జారాయో చూసుకోలేదు. ప్రభువా, ఒక్క నిమిషం ఆపు ప్రభువా అనుకుంటూ పోయింది.

అవ్వ మునిలక్ష్మమ్మ అటు తిరిగి చెనక్కాయ చెట్లు పీకుతోంది. మూడేళ్ల గౌతమ్ గోనెపట్ట మీద కాలు పెట్టాడు. ఫెబా మొలతాడు పట్టి వెనక్కి లాగింది. పట్ట, రాయి లోపలికి జారిపోయాయి. రాయి అడుగు తాకిన చప్పుడు వినబడలేదు.

మనోజ్ బండి పడేసి వచ్చాడు. ఆ బొక్కను చూసి, కొడుకును చూసి, తల బాదుకున్నాడు. "రేపు పూడ్చుదామనుకున్యా మిస్" అన్నాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు. పార తీసుకున్నాడు.

మొదటి గంప మట్టి పోయగానే లోపలి నుంచి ఏడుపు వచ్చింది, సీసాలో విన్నదే. "అవ్వా" అని పిలిచింది.

ఫెబా చంకలో ఉన్న గౌతమ్ బొటనవేలు నోట్లోంచి తీశాడు. "ఎవురో పిల్లోడు పడినాడు మిస్. తీయండి."

మనోజ్ చేతిలో పార ఆగిపోయింది.

"మట్టి పొయ్ నాయనా, నిలపొద్దు" అంది మునిలక్ష్మమ్మ. ఏడుస్తూనే తనూ కొంగులో మట్టి ఎత్తుకొచ్చింది.

పోశారు. సుప్రియ కూడా దోసిళ్లతో పోసింది. అవ్వా, అవ్వా అన్న పిలుపు గంప గంపకీ సన్నబడింది. అది పూర్తిగా ఆగేదాకా ఎవరూ చేయి ఆపలేదు.