గడియారాల ఇంటి సాక్షులు

ఇస్త్రీపెట్టె ఆయన చొక్కా కాలరు మీద ఉండగా అన్నాడా మాట. అద్దంలో మీసం సరిచేసుకుంటూ, వానొచ్చేట్టుంది అన్నంత తేలిగ్గా అన్నాడు.

"పబ్లిషరు ఒప్పుకోవడం లేదోయ్. అట్ట మీద రెండు పేర్లుంటే చదివేవాడికి గురి కుదరదట. ముందుమాటలో నీకు కృతజ్ఞతలు చెబుతాలే."

ఆమె ఇస్త్రీపెట్టెని నిలబెట్టి "ఓహో" అంది. చొక్కా వేడి తగ్గకముందే తొడుక్కుని ఆయన కాలేజీకి వెళ్ళిపోయాడు.

ఆ పుస్తకం ఎలా పుట్టిందో చెప్పాలి. వందేళ్ళ కిందట వాళ్ళుండే ఊళ్ళోనే గడియారాల కొట్టాయన భార్యని మేడ మీది గదిలో ఎవరో చంపేశారు. ఎవరన్నది కోర్టు తేల్చలేకపోయింది. చరిత్ర లెక్చరరైన ఈ మొగుడుగారు ఆ కేసు మీద పుస్తకం రాస్తానని నలుగురిలో చెప్పేసి, పాత వాంగ్మూలాల నకళ్ళు సంచీ నిండా తెచ్చి భోజనాల బల్ల మీద కుమ్మరించాడు. "కాస్త టైపు చేసిపెట్టు, ఎలాగూ ఇంట్లో ఖాళీయేగా" అన్నాడు. ఖాళీయట! పిల్ల పుట్టాక లైబ్రరీ ఉద్యోగం మాన్పించిన మనిషే ఆ మాట అనడం. అయినా ఆమె కూర్చుంది. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, పిల్ల బడి నుంచి వచ్చేలోపు దొరికే ఆ కాస్త మధ్యాహ్నంలో కూర్చుంది. మొదట టైపు చేసింది, తర్వాత చదివింది, ఆ తర్వాత ఒక సాక్షి మాట పక్కన ఇంకో సాక్షి మాట పెట్టి తూచడం మొదలుపెట్టింది. ఆయన ఆ నకళ్ళలో మొదటి కట్ట కూడా పూర్తిగా విప్పలేదు.

ఇంట్లోవాళ్ళు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. గడియారాలాయన, అతని తమ్ముడు, వాళ్ళమ్మ. ముగ్గురిదీ ఒకటే పాట. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, మెట్ల మీద బురద కాళ్ళ గుర్తులున్నాయి, ఎవడో దొంగ వచ్చి పోయాడు. బయటివాళ్ళు ఇద్దరు చెప్పారు. వాన వెలిశాక మగ గొంతు అరిచిందని ఎదురింటి దర్జీ అన్నాడు. కాదు, వాన కురుస్తుండగానే ఆడమనిషి ఏడ్చిందని బట్టలుతికే ఆవిడ అంది. ఇద్దరికీ పొంతన లేదని జడ్జిగారు ఆ రెండు సాక్ష్యాలూ పక్కన పెట్టేసి, ముగ్గురి మాటా నమ్మాడు.

ఆమెకి అక్కడే గుచ్చుకుంది. నిన్న వచ్చి వెళ్ళిన చుట్టం ఏ రంగు చీర కట్టుకుందంటే ఈ ఇంట్లోనే ముగ్గురూ మూడు రంగులు చెబుతారు. కళ్ళతో చూసినవాళ్ళు ఎవరి మాటల్లో వాళ్ళు చెబుతారు, తడబడతారు, ముందూ వెనకా చేస్తారు. ముగ్గురి నోట ఒకే వాక్యం వచ్చిందంటే ఎవరో కూర్చోబెట్టి నేర్పారన్నమాట.

ఈ సంగతి మొట్టమొదట చెప్పింది అత్తగారికే. ఆవిడకి ఆ కేసంటే ప్రాణం. మధ్యాహ్నం కునుకు కూడా మానుకుని "ఇవాళ దర్జీ ఏమన్నాడే" అంటూ వచ్చి కూర్చునేది. ఒకరోజు ఇద్దరూ పరీక్ష కూడా పెట్టారు. అత్తగారు మేడ మీది గదిలో చెక్కపీట దబ్బున పడేసింది, కోడలు వీధిలో నిలబడి వింది. పక్కింటావిడ గిన్నెలేవో పడ్డాయంది, ఎదురింటాయన ఎవరో జారిపడ్డారని పరిగెత్తుకొచ్చాడు. అత్తాకోడళ్ళు ఆ పూటంతా పొట్ట పట్టుకుని నవ్వారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో తనకంటూ ఒక మనిషి ఉందని ఆమెకి అనిపించింది ఆరోజే.

అధ్యాయాలు ఒక్కొక్కటే తయారై, చదివినవాళ్ళు బాగుందనేసరికి, "ఇద్దరి పేర్లూ వేయిద్దాం" అన్నది కూడా ఆయనే. ఆమె అడగలేదు. ఒకసారి తోటి లెక్చరర్లు ఇంటికొస్తే "పొంతన కుదిరిన సాక్ష్యాన్నే ముందు అనుమానించాలండీ" అని తన సొంత బుర్రలోంచి ఊడిపడ్డట్టు చెప్పాడు. కాఫీలు తెచ్చిన ఆమె, దర్జీకి ఒక చెవి సరిగా వినపడదని అతని వాంగ్మూలంలోనే ఉందని ఒక్క మాట కలిపింది. "మా ఆవిడ కథలంటే చెవి కోసుకుంటుంది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. పేరొస్తుందిగా అని ఆమె అదీ మింగేసింది.

ఇప్పుడా పేరే లేదు.

వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారి ఎదురుగా వెళ్ళి కూలబడింది. ఇంకా ఏమీ చెప్పకముందే ఆవిడే అందుకుంది. "పోనీలే అమ్మాయ్. అట్ట మీద రెండు పేర్లుంటే చదివేవాడికి గురి కుదరదట." ఆమె ఒక చిక్కుడు కాయ తీసి ఈనె లాగింది. అత్తగారు పుస్తకాల అట్టల గురించి మాట్లాడగా ఎన్నడూ వినలేదు. ఇంతలో ఆడపడుచు ఫోను. ఎప్పుడూ లేనిది, ఆ వేళప్పుడు.

"వదినా, బాధపడకు. రెండు పేర్లుంటే చదివేవాడికి గురి కుదరదట కదా."

మూడు నోళ్ళు, ఒకే వాక్యం. ముగ్గురూ కలిసి కూర్చున్నారు. తను అంట్లు తోముతుంటేనో, పిల్లకి జడ వేస్తుంటేనో, తనకేం చెప్పాలో వల్లె వేసుకున్నారు.

ఆమె పబ్లిషరుకి ఫోను చేసింది. పాపం, ఆయన చాలా మర్యాదస్తుడు. "అదేంటమ్మా, మీరే వద్దన్నారని సార్ చెప్పారే. ఇలాంటి నిగర్వులు ఉంటారా అని మేమంతా మెచ్చుకున్నాం కూడాను. మాకేం అభ్యంతరం? చివరి అధ్యాయం ఒక్కటీ రేపటికల్లా పంపించమనండి, అచ్చు ఆగిపోయింది."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చింది.

"మీకు ముందే తెలుసు కదూ అత్తయ్యా."

ఆవిడ తల ఎత్తలేదు. "వాడు అలా చెప్పమన్నాడు."

"పీట పడేసింది మీరు. నా పక్కన కూర్చుని ప్రతి ముక్కా విన్నది మీరు. ఎవరు రాశారో మీకు తెలీదూ?"

"తెలుసే." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు కాదది. "కానీ వాడి పేరు మీద నడిచే ఇల్లమ్మా ఇది. నాలుగు రోజుల్లో ప్రమోషను. వాడి పేరు నిలబడితే మనందరం నిలబడతాం. నువ్వంటే నాకు ఇష్టం లేక కాదే, తల్లీ."

ఆ పాత కేసులో ఇన్నాళ్ళూ ఆమెని అడ్డుకున్న ముడి ఒకటుంది. చంపింది ఇంట్లోవాడేనని తెలిసింది గానీ అన్నో తమ్ముడో తేలలేదు. నేర్పింది ఆ తల్లేనని తెలుసు, ఎవరి కోసం నేర్పిందో తెలియలేదు. ఆ చనిపోయిన కోడలు పిల్లని ఆ ముసలావిడ కూతురిలా చూసుకునేదని ఆ బయటి సాక్షులిద్దరూ చెప్పారు కూడా. అలాంటి మనిషి ఎవరి కోసం అబద్ధమాడుతుంది? ఎవరి పేరు మీద ఇల్లు నడుస్తుందో వాడి కోసం. కొట్టు మీద పేరున్నవాడి కోసం. ఆ పిల్ల మొగుడి కోసం. పోయినదాని కోసం ఏడుస్తూనే అబద్ధమాడి ఉంటుంది. చివరి అధ్యాయం దొరికింది. ఆమెకి మాత్రం సంతోషం కలగలేదు. కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. మోసపోయానన్నది ఒక్కటే మిగిలింది.

సాయంత్రం ఆయన వచ్చాడు. చెప్పులు విప్పుతూనే "పబ్లిషరు చంపుకు తింటున్నాడోయ్, చివరి అధ్యాయం రాసేశావా" అన్నాడు. ఆమె పిల్ల లంగా అంచు కుడుతోంది.

"రాయలేదండీ."

"రేపటికి ఇవ్వాలే. పోనీ, నోటితో చెప్పు, నేనే రాసుకుంటాను." ఆయన కుర్చీ లాక్కుని, కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీశాడు. వాళ్ళమ్మ గడపలో నిలబడి కోడలి వంకే చూస్తోంది. "ఇంతకీ చంపిందెవరు?"

ఆమె దారం పంటితో తెంపి, లంగా మడత పెట్టి, లేచి నిలబడింది.

"అది పుస్తకం రాసినాయనకి తెలియాలి గదండీ."