సమోసా పరీక్ష

చొప్పదండిలో ఎరువులు, విత్తనాలు అమ్మే సంతోష్‌రావుకు లోకమంటే చులకన. లోకమంతా అబద్ధాలాడుతుందని, తన కళ్లు మాత్రం ఎవరూ కప్పలేరని ఆయన నమ్మకం. మందు కొట్టినా పురుగు పోలేదని ఎవరైనా రైతు వస్తే, మొహం చూసి "నువ్వు కొట్టనే లేదు, పో" అని తేల్చేసేవాడు. ఆ తీర్పుల్లో సగం తప్పులే. కానీ ఆ మాట ఆయన మొహాన చెప్పేవాళ్లు లేరు.

ఆ ఇంటి ఆడపిల్లలకు ముందుపళ్ల మధ్య వేలు దూరేంత సందు. కూతురు స్పందనకూ అంతే, బోథ్‌లో ఇచ్చిన చెల్లెలు అనసూర్య బిడ్డ దీక్షితకూ అంతే. ఇద్దరికీ కరీంనగర్‌లో ఒకే డాక్టరమ్మ పళ్లకు తీగ క్లిప్పులు వేసింది, ఒకే రోజు తీసింది. తీసి, చెరొక ప్లాస్టిక్ క్లిప్పు చేతిలో పెట్టింది. తినేటప్పుడు తప్ప ఎప్పుడూ పెట్టుకోవాలని, లేకపోతే పళ్లు మళ్లీ పాత జాగాకు పోతాయని చెప్పింది.

పదిహేనేళ్ల పిల్లలకు ఒక వస్తువు చేతికిచ్చి రోజూ నోట్లో పెట్టుకొమ్మని చెప్పి, పెట్టుకుంటారని నమ్మే డాక్టర్లను చూస్తే జాలేస్తుంది. తీగ క్లిప్పులున్నన్నాళ్లు మూతి ముడుచుకున్న పిల్లలు, అవి ఊడిన మర్నాటినుంచి పళ్లన్నీ బయటపెట్టి సెల్ఫీలు దిగుతారు. ఆ పళ్లను ఆపాల్సిన క్లిప్పు మాత్రం డబ్బాలోనే పడుంటుంది. ఆ డబ్బా ఎక్కడుందో అడిగితే "ఆడ్నే ఉన్నది" అంటారు.

సంతోష్‌రావు అలాంటి మాటలకు పడే మనిషి కాదు. ఆ ప్లాస్టిక్ క్లిప్పు ఇచ్చిన రోజు, అది పెట్టుకుని కారులో వస్తూ స్పందన "బాపూ, షమోష కొనియ్యవా" అంది. నోట్లో క్లిప్పుంటే 'స' పలకదని ఆయనకు అప్పుడే తట్టింది. ఇంకేం, పరీక్ష దొరికింది. కూతుర్ని కరీంనగర్‌లో ఇంటర్ హాస్టల్లో వేశాక, సాయంత్రం వార్డెన్ ఫోన్ నుంచి మాట్లాడించినప్పుడల్లా మొదటి మాట అదే.

"సమోస అను బిడ్డా."

"షమోష."

"శెభాష్."

నెలలు గడిచినా ఆ 'ష' పోలేదు. ఆయన మురిసిపోయేవాడు. చూడటానికి వెళితే స్పందన పెదాలు విప్పకుండా నవ్వేది. పిల్లకు పెద్దరికం వచ్చిందనుకున్నాడు. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ తన తెలివి గురించి చెప్పాడు. యూరియా కోసం వచ్చి పళ్ల క్లిప్పుల మీద ఉపన్యాసం వినడం వాళ్ల ఖర్మ.

చెల్లెలికీ చెప్పాడు. అనసూర్య దీక్షిత చేత ఫోన్లో సమోసా అనిపించింది. మాట ముత్యంలా వచ్చింది.

"పెట్టుకుంటలేదు," అన్నాడు సంతోష్‌రావు.

"అన్నా, నోట్లనే ఉన్నది. నా కండ్లతోని చూస్తున్న గద."

"నువ్వొచ్చే సప్పుడు విని అప్పుడే తగిలిచ్చుకున్నది. రోజు పెట్టుకునే పిల్లకు మాట గింత సాఫ్‌గ ఎట్లొస్తది? మా స్పందనను చూడు."

చెల్లెలు కళ్లారా చూసినదానికంటే తాను ఫోన్లో విన్నదే ఆయనకు గొప్ప. అంతటితో ఆగినా బాగుండేది. దీక్షిత పదో తరగతి అయ్యాక కరీంనగర్‌కు వచ్చి, స్పందన హాస్టల్లోనే చేరి చదవాలని ఏడాదిగా కలలు కంటోంది. ఆయన ఆ కల మీద కూడా తీర్పు చెప్పాడు. "కండ్ల ముందట ఉండంగనే గిట్ల అబద్ధమాడె పిల్ల, హాస్టల్ల ఏం చదువుతది? ఇంటికాడనే ఉంచు." అనసూర్య తన అన్న మాటను ఏనాడూ దాటలేదు. సరేనంది.

ఎండాకాలం సెలవుల్లో స్పందనను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. కుర్చీలో కూర్చున్న పిల్లను ఆమె, "రోజు పెట్టుకుంటున్నవా?" అని అడిగింది.

"నన్నడుగుండ్రి మేడం," అని సంతోష్‌రావు ముందుకు వచ్చాడు. "నా కాడ టెస్టున్నది. సమోస అను బిడ్డా."

"షమోష," అంది స్పందన నేల చూస్తూ.

డాక్టరమ్మ ఒకసారి పిల్లనూ, ఒకసారి పిల్ల ఒళ్లో ఉన్న డబ్బానూ చూసింది. "క్లిప్పు డబ్బల్నే ఉన్నది గద సార్. ఉత్త నోటితోని గట్లెందుకంటున్నది?"

సంతోష్‌రావు డబ్బా మూత తీసి చూశాడు.

"కొత్తల మాట తేడ వస్తది. రోజు పెట్టుకుంటె వారం పది రోజులల్ల నాలుక అలవాటుపడి సాఫయితది. ఇన్ని నెలలైనా పోలేదంటే..." ఆమె మాట ఆపి స్పందన నోరు తెరిపించింది. ముందుపళ్ల మధ్య సందు నిక్షేపంగా ఉంది. క్లిప్పు తొడగబోతే సగంలోనే ఆగిపోయింది.

లోకాన్నంతా పట్టుకున్న మనిషి, కూతురు నోట్లో ఏముందో ఇన్ని నెలలు చూడలేదు. గబగబా బయటికి వచ్చాడు. వెనకే స్పందన వచ్చింది. అప్పుడే అనసూర్య ఫోన్ చేసింది.

"అన్నా, హాస్టల్ల సీటు సంగతి ఇయ్యాల్నే చెప్పాల్నట. దీక్షిత ఒక్కతీర్గ ఏడుస్తున్నది. ఏం జేయమంటవ్?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. సంతోష్‌రావు గొంతు సవరించుకున్నాడు. "పంపు. నా మాటకు భయపడి పిల్ల మారింది. ఇగ ఫికర్ లేదు."

అవతల ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది. దీక్షిత గొంతు పక్కనున్న స్పందనకు కూడా వినబడేంత గట్టిగా వచ్చింది. "నేనేం మారలే మామా. మొదటి రోజుసంది పెట్టుకుంటనే ఉన్న. స్పందన వదిన పండ్లు ఎట్లున్నయి?"

"హలో... హలో... సిగ్నల్ లేదే," అన్నాడు సంతోష్‌రావు.

దీక్షిత హాస్టల్ చదువు తన నాటకం వల్ల ఆగిందని స్పందనకు అప్పటిదాకా తెలియదు. తండ్రి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "సందు మళ్ల వచ్చింది దీక్షితా. నేను హాస్టల్ల ఒక్కనాడు సుత పెట్టుకోలే, బాపు ముందట నాటకమాడిన. అత్తా, అది అబద్ధమాడలే. హాస్టల్‌కు పంపు."



"ఫోన్ మీ బాపుకియ్యి," అంది అనసూర్య.

సంతోష్‌రావు ఫోన్ తీసుకున్నాడు. హలో అనకముందే చెల్లెలు అంది.

"నీ మాట మీద నా బిడ్డను కొట్టిన అన్నా."