నీళ్ళు పోసినవా బిడ్డా

కోస్గిలో బస్సు దిగి కూతురింటికి వచ్చిన గుర్వమ్మ, చేతి సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"నీళ్ళు పోసినవా బిడ్డా?"

జానమ్మ పీట వేసింది. తన పసిపాపను మట్టి చేసి వారం దాటింది. నల్లగొండ దిక్కు ఉన్న పుట్టింటికి కబురు ఆలస్యంగా అందింది. ఈలోగా భర్త మారయ్య పనిచేసే బడి పంతుళ్ళు, బాప్టిస్టు సంఘం ఆడవాళ్ళు అందరూ వచ్చి పోయారు. "పసిగుడ్డుకు పాపమెక్కడిది? సక్కగ ప్రభువు ఒళ్ళెకే పోయింది. ఏడ్వకు," అన్నారు. మంచి మాటలే. కాని ఎవరికో కుట్టిన రవికెలాగ ఆమెకు ఎక్కడో పట్టేవి.

గుర్వమ్మ వాళ్ళది కతోలిక ఇల్లు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఆదాము నుంచి వచ్చిన జన్మపాపం ఉంటుందనీ, జ్ఞానస్నానంతోనే అది పోతుందనీ ఆ ఊరి ఉపదేశి చెప్పేవాడు. అది లేకుండా పోయిన పసివాళ్ళకు బాధ ఉండదు గాని దేవుని ముఖం కనిపించదట. వాళ్ళను సమాధుల గోడకు అవతల పెట్టేవారు. ప్రాణం మీదికి వస్తే ఫాదర్ కోసం చూడనక్కరలేదు. ఎవరైనా నెత్తిన నీళ్ళు పోసి జ్ఞానస్నానపు నాలుగు మాటలు అంటే చాలు. జానమ్మకు ఆ మాటలు పలక పట్టకముందే వచ్చు.

మారయ్యను చేసుకునే ముందు బాప్టిస్టులు ఆమెను నడుములోతు నీళ్ళలో నిలబెట్టి, ముంచి లేపారు. తెలివొచ్చి నమ్మినవాళ్ళకే జ్ఞానస్నానమనీ, చిన్నప్పటిది లెక్కకు రాదనీ అన్నారు. అలా తల్లికి రెండుసార్లయింది. బిడ్డకు ఒక్కసారీ కాలేదు.

ఆ పొద్దున పాప ఎగపోస్తుంటే మారయ్య దవాఖానకు బండి మాట్లాడడానికి పోయాడు. జానమ్మ చెంబు చేతిలోకి తీసుకుంది. తన ఇంట్లో ఆ పని చేయవద్దని పెళ్ళినాడే మారయ్య మాట తీసుకున్నాడు. ఆమెను ఆపింది ఆ మాట కూడా కాదు. నీళ్ళు పోస్తే బిడ్డ పోతుందని ఒప్పుకున్నట్టే అనిపించింది. ఇంకాసేపు చూద్దామనుకుంది. ఆ కాసేపట్లోనే పాప పోయింది.

"మాట్లాడవేందే? నిన్ను గీ ముంచెటోళ్ళ ఇంట్ల ఇచ్చినప్పుడే అన్న, వీళ్ళకు పిల్లల ఫికరు లేదని. బస్సుల కూసున్న కాడికెల్లి నాకు గదే రంది. పోసినవా, లేదా?"

తల్లి సంచి ఇంకా కింద పెట్టలేదు.

"పోసిన," అంది జానమ్మ.

"మాటలన్నవా?"

"అన్న."

"ఏం పేరు పెట్టినవు?"

ఇంట్లో ఇంకా పేరు పెట్టలేదు. గుడిలో పాపను దేవునికి ప్రతిష్ఠించేనాడు పెడదామని మారయ్య ఆగాడు.

"అమృతమ్మ," అంది జానమ్మ. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

గుర్వమ్మ కూలబడి ఏడ్చింది. "నా తల్లీ, బతికించినవు! అల్లునికి చెప్పకు, మీదికొస్తడు. ఇగ దానికోసం మనం జపాలు చేసే పనిలేదు. అదే మనకోసం దేవుణ్ణి అడుగుతది."

మర్నాడు ఇద్దరూ సమాధి దగ్గరికి పోయారు. గుర్వమ్మ మట్టి మీద వేలితో సిలువ గీసి, "అమృతమ్మా, మీ అమ్మను జర సూసుకోవే," అంది. పాపను పేరు పెట్టి పిలవగా వినడం జానమ్మకు అదే మొదలు. తానూ పిలవాలని నోరు తెరిచింది. పేరు రాలేదు.

సాయంత్రం అత్తను బస్సెక్కించి వచ్చి మారయ్య కంచం ముందు కూర్చున్నాడు.

"మీ అమ్మ గింత నిమ్మళంగ పోతదనుకోలే. ఏమన్నది?"

"పాప దేవుని దగ్గరున్నదన్నది."

"మరి నేను మొదటి సంది అదే చెప్తలేనా? ఆమెక్కూడ సమజైంది!"

చాలా రోజుల తర్వాత అతను ఆకలిగా తిన్నాడు. ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు. వేసింది. పాప ఎక్కడుందో అతనికి తెలుసు, అమ్మకూ తెలుసు. తెలియనిది తనొక్కదానికే. అడుగుదామంటే, ఇక ఎవరినని అడగాలి?