పిన్నీసుల పట్టీ

దుప్పటి నాలుగు కొసలూ కలిస్తే గాని మడతమ్మ ఊపిరి వదలదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆ పేరు వెక్కిరింపుగానే పెట్టారు. ఆమెకు నచ్చింది, ఉంచేసుకుంది. నలభై దాటినా ఎవరి కళ్లలోకీ చూడదు. యంత్రాల హోరు ఎక్కువైతే చెవులు మూసుకుని ముందుకూ వెనక్కీ ఊగుతుంది.

ఆ ఊగడం మాన్పించాలని అక్క కాలికి బలపం కట్టుకు తిరిగింది. తల్లి పోయాక పెంచింది ఆవిడే. డాక్టర్లు ఆటిజం అన్నారని పాలు మాన్పించింది, గోధుమలు మాన్పించింది, చేదు మందు చుక్కలు తాగించింది, తలకు నూనె మర్దన చేసింది. చుక్కలతో కడుపులో మంట తప్ప ఒరిగిందేమీ లేదు. ప్రేమే, కాదనలేం. ఆ ప్రేమకు అడిగే అలవాటు మాత్రం లేదు.

ఇవాళ కొత్తది, మణికట్టుకు అయస్కాంతపు పట్టీ. సాయంత్రం వ్యాను వస్తుందట. చికిత్స కేంద్రంలో నెలల తరబడి ఉండాలట. పని మానేయాలట.

మడతపెట్టిన దొంతరకు వార్డు చీటీ గుచ్చాలని డబ్బాలో చెయ్యి పెట్టింది. పిన్నీసులన్నీ ఎగిరొచ్చి పట్టీకి అతుక్కున్నాయి. విదిలించినా వదల్లేదు.

"వైద్యం బాగానే పట్టిందే, పిన్నీసులకి!" అంది పక్కనే ఇస్త్రీ చేస్తున్న పెద్దావిడ, లాండ్రీలో అందరికీ అత్త.

మడతమ్మ నవ్వలేదు. ఊగడం మొదలుపెట్టింది. అత్త వేడి దుప్పట్ల దొంతర ఎత్తుకొచ్చింది.

"ఒళ్లో పెట్టనా?"

మడతమ్మ తలూపింది. ఆ బరువుకి ఒళ్లు మెల్లగా కుదుటపడింది. రోజూ జరిగేదే. రోజూ అడిగాకే పెడుతుంది అత్త.

సాయంత్రం అక్క వచ్చింది. బయట వ్యాను హారన్ కొడుతోంది.

"పదవే, వాళ్లు ఎదురుచూస్తున్నారు."

మడతమ్మ చేతిలోని మడత పూర్తిచేసింది.

"రాను."

"నీ మంచికేనే!"

"నన్నడిగావా?" పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. "నూనె బాగుంటుంది. అది ఉండనీ. చుక్కలొద్దు. ఇదొద్దు. ఊగడం నాది."

"జనం నవ్వుతారే."

"నవ్వనీ. వాళ్ల నోళ్లు, నా నడుము."

అక్క కళ్లు తుడుచుకుంది. బయటికి వెళ్లి వ్యానువాళ్లతో మాట్లాడింది. కాసేపటికి వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. అక్క మళ్లీ గుమ్మంలోకి వచ్చింది.

"రాత్రికి నూనె రాయనా?" జన్మలో మొదటిసారి అడిగింది.

"రాయి. ఈ దొంతర అయ్యాక."

చీటీ అందుకుని, మడతమ్మ బల్ల వైపు చెయ్యి చాచింది. ఇక డబ్బాలో వెతుక్కునే పనిలేదు. పిన్నీసులన్నీ పట్టీ మీదే ఉన్నాయి.