ఏడో నియమం

తండ్రి పైడయ్య పోయి అయిదు రోజులైనా రత్న కంట తడి లేదు. ఏడవకూడదని ఆమె పంతం పట్టలేదు. ఏడుపు అనేది ఒకటుంటుందన్న సంగతే ఒంటికి గుర్తు లేనట్టుంది. అంబలి ఇస్తే తాగుతోంది, పడుకోమంటే పడుకుంటోంది, రోజుకు రెండుసార్లు ఊరి పైనున్న పెద్దబండ ఎక్కి ఫోను చూసుకుంటోంది. అనంతగిరి కొండల్లోని ఆ చిన్న ఊరికి సిగ్నల్ దొరికే చోటు అదొక్కటే.

ఫోనులో ఆమె చూసేది 'సంత కబురు'. పాడేరులో ఒక కాఫీ రైతుల సంఘం ఆఫీసులో రత్న గుమాస్తా. అక్కడే ఇనప సామాన్ల కొట్టు నడిపే గోపాలకృష్ణతో కలిసి ఎనిమిదేళ్ళ కిందట ఈ సైటు మొదలుపెట్టింది. సర్వరు ఆయనది, చాకిరీ ఈమెది. ఏ సంతలో మిరియాలు ఎంత పలికాయి, ఏ జీపు ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎవరి ఎద్దు తప్పిపోయింది... ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు, కింద మిగతా వాళ్ళు జవాబులిస్తారు. నాలుగువేల మంది చేరారు. జీపు కబుర్లు చేరిన చోటికి చావు కబుర్లు కూడా చేరాయి. చేరకుండా ఎలా ఉంటాయి?

రత్న వాళ్ళ వైపు ఊళ్ళలో చావింటికి వెళ్ళే పద్ధతి ఒకటుంది. ఓదార్పు మాటలు ఎవరూ మాట్లాడరు. గుమ్మం దగ్గర వెదురు బుట్ట పెట్టి ఉంటుంది. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళు గుప్పెడు చోళ్ళో (రాగులు) బియ్యమో అందులో పోసి, "ఫలానా ఇంటివాళ్ళం, వచ్చినాం" అని చెప్పి కూర్చుంటారు. అంతే. చెప్పకపోతే రానట్టే లెక్క. రెండోసారి వచ్చి చెప్పడమనేది లేదు. అలా చెబితే ఆ ఇంట మరో చావును పిలిచినట్టని భయం. పదకొండో రోజు భోజనానికి వచ్చినవాళ్ళ పేరుపేరునా విస్తరి వేస్తారు. ఫలానావాళ్ళు వచ్చారు, ఫలానావాళ్ళు రాలేదు అన్నది ఆ ఇల్లు తరాల తరబడి మర్చిపోదు.

సైటులో ఆ పద్ధతి దానంతటదే పాకింది. పేరు ఎలాగూ పక్కన కనిపిస్తుంది కాబట్టి మాట ఒక్కటే మిగిలింది. చావు కబురు పడితే చాలు, కింద వరసగా 'వచ్చినాం', 'వచ్చినాం', 'వచ్చినాం'. మొబైలు మీద వేలు నొప్పెట్టేదాకా అదే మాట.

ఈ ఏడాది జనవరిలో గోపాలకృష్ణకు ఓపిక నశించింది. సంతకు లారీ రాదన్న కబురు నూట ఎనభై 'వచ్చినాం'ల కింద కూరుకుపోయి, అల్లం బస్తాలతో ముప్పైమంది రైతులు రోడ్డు మీద మూడు గంటలు మంచులో నిలబడ్డారు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు.

"సూడమ్మా రత్నా, ఇది సావుకొంప కాదు, నలుగురికీ పనికొచ్చే సైటు. ఒక రూలు ఉండాలా వద్దా?"

ఉండాలని రత్నకూ అనిపించింది. రెండు ఆదివారాలు కూర్చుని తొమ్మిది నియమాలు రాసింది. తన చేతి రాత అచ్చులో చూసుకుని మురిసిపోయింది కూడా. ఏడోది ఇలా ఉంటుంది: 'ఒక్క మాట జవాబులు, అదే మాట పదేపదే రాసిన జవాబులు ఉంచబడవు. చెప్పదలచినది పూర్తి వాక్యంలో చెప్పండి.' రోజంతా కాపలా కాయడం తన వల్ల కాదు కాబట్టి, అలాంటివి పడగానే చెరిపేసే ఏర్పాటు సైటులోనే చేసింది. చెరిపినవి ఎక్కడైనా దాచాలా అని సైటు అడిగితే, చోటు దండగని, వద్దని గుర్తు పెట్టింది.

రెండు నెలల కిందట సోంబరు వాళ్ళ అన్న పోయాడు. సోంబరు పక్క లోయలో మిరియాల రైతు, రత్నకు వరసకు మావ. 'మా గుమ్మంలోకి ఎవరూ రానట్టు కనిపిస్తంది అమ్మా. మా వదిన అడుగుతంది, ఏటి సెప్పమంటావు' అని, తమ కబురు కింద జవాబులేవీ కనిపించక రత్నకు రాశాడు. రత్న ఏడో నియమాన్ని యథాతథంగా అతికించి, కింద 'సహకరించగలరు' అని చేర్చింది. ఆ తర్వాత సోంబరు పాడేరు సంతలో ఎదురుపడి కూడా, మిరియాల బస్తా భుజం మార్చుకుని పక్కకు తిరిగి వెళ్ళిపోయాడు.

పైడయ్య కాఫీ తోటలో కలుపు తీస్తూ కూలబడి, మరి లేవలేదు. కబురు విని రత్న జీపెక్కింది. జీపులోనే నోటీసు రాసి సైటులో పెట్టింది. పేరు, వయసు, ఊరు, సమయం, ఒక్క అక్షరం తప్పులేదు. ఇంటి ముందు జనం నిండి ఉంటే పెరటి వైపు నుంచి లోపలికి వెళ్ళి, "ఎప్పుడు తీసుకెళ్తున్నారు?" అని అడిగింది. ఆ సాయంత్రమే ఊరికున్న ఒక్క జీపు దారి మీద కొండచరియ విరిగిపడింది. ఇక బయటి ఊళ్ళ నుంచి మనిషి వచ్చే వీల్లేదు. గుమ్మం దగ్గర బుట్ట ఖాళీగా ఉండిపోయింది.

"పోనీలే, ఫోన్లో వస్తారు గదా," అంది తల్లి.

ఆమెకు చదువు రాదు. కానీ నాలుగేళ్ళ కిందట తన తమ్ముడు పోయినప్పుడు రత్న ఫోనులో చూపించగా చూపించగా, 'వచ్చినాం' అన్న మాట రూపం ఆమె కంటికి పట్టుబడింది. ముగ్గు గుర్తుపట్టినట్టు గుర్తుపడుతుంది.

రెండో రోజు బండ మీద రత్న చూసేసరికి నోటీసు కింద మూడే జవాబులు. మూడూ పాడేరు షావుకార్లవి, మొదటిది గోపాలకృష్ణది. 'పైడయ్య గారి ఆకస్మిక మరణం మమ్మల్ని తీవ్రంగా కలచివేసింది. వారి ఆత్మకు శాంతి చేకూరాలని ప్రార్థిస్తున్నాము.' నిక్షేపంలాంటి పూర్తి వాక్యాలు. మూడో రోజూ అవే మూడు, నాలుగో రోజూ అవే.

జనానికి తన మీద కోపమని రత్న అనుకుంది. సోంబరు మావ భుజం మార్చుకున్న తీరు గుర్తొచ్చింది. తన మీద కోపాన్ని తండ్రి మీద తీర్చుకున్నారన్నమాట. తీర్చుకోనీ అనుకుంది. బాధగా ఉండవలసిన చోట చల్లటి రాయి ఉన్నట్టుంది, అంతే.

రత్న బండ దిగి రాగానే తల్లి ఫోను లాక్కుని, అక్కడ తెరిచి ఉంచిన పేజీ చూసింది. ఆ మాట రూపం కోసం తెర అంతా వెతికింది.

"మనోళ్ళు ఒక్కరూ రానేదేటే? మీ అయ్య ఎవరికేటి అన్నేయం సేసినాడు? ఎవరింటికి ఎల్లకుండా ఉన్నాడు?"

"నెట్‌వర్క్ లేదమ్మా."

"ముగ్గురొచ్చినారుగా! ఆళ్ళకున్న నెట్టు మనోళ్ళకి నేదేటి?"

తల్లి అడ్డాకులు ముందేసుకుని విస్తళ్ళు కుట్టడం మొదలుపెట్టి, నాలుగు కుట్టి ఆపేసింది. ఎవరి కోసమని కుట్టాలి?

అయిదో రోజు ఆదివారం. ప్రతి ఆదివారం సైటు నుంచి రత్నకు వారపు లెక్క వస్తుంది. బండ మీద నిలబడి అలవాటుగా తెరిచింది. 'ఏడో నియమం కింద తొలగించినవి: గత వారం 6. ఈ వారం 214.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తన చేత్తో పెట్టిన తాళం ఇన్నిరోజులూ తనకే గుర్తు రాలేదు. వచ్చారు. చెరిగిపోతుందని తెలిసి కూడా రాశారు. ఒక్కో ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురు రాసినా రాసి ఉంటారు. కాబట్టి రెండువందల పద్నాలుగంటే ఎన్ని ఇళ్ళవాళ్ళో కూడా తెలియదు. సోంబరు మావ ఉన్నాడా? పేర్లు లేవు. దాచవద్దని గుర్తు పెట్టింది తనే. పోనీ మళ్ళీ రాయమని అడుగుదామంటే, రెండోసారి ఎవరూ చెప్పరు, చెప్పమని అడగనూ కూడదు.

ఏడో నియమం పక్కన గుర్తు తీసెయ్యడానికి నిమిషం కూడా పట్టలేదు. గోపాలకృష్ణకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"సావు కబుర్లకి సైట్లో వేరే గది కట్టుంటే సరిపోయేదమ్మా," అన్నాడు ఆయన. "లారీ కబురు లారీ కబురే, ఇది ఇదే. అంత సిన్న ముక్క మనిద్దరికీ తట్టనేదు సూడు."

రత్న బండ దిగి ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"వచ్చారమ్మా. చాలామంది వచ్చారు."

తల్లి మొహం ఒక్కసారి వికసించింది. ఆకు అందుకుంది. "సెప్పు, ఎవరెవరు? ఒక్కో పేరూ సెప్పు, కుడతాను."

అబద్ధం చెప్పొచ్చు. నాలుగువేల పేర్లలో రెండువందలు రత్నకు నోటికి వచ్చు. సోంబరు మావ అని మొదలుపెడితే తల్లి నమ్ముతుంది, విస్తరి వేస్తుంది. సోంబరు రాసి ఉండకపోతే ఆ విస్తరి ముందు కూర్చుని ఏమంటాడు? రాసిన ఇంకెవరికో విస్తరి లేకపోతే వాళ్ళేమంటారు?

"పేర్లు లేవమ్మా. నేనే చెరిపేశాను. వచ్చినాం అని రాస్తే చెరిగిపోయేలా రూలు పెట్టాను. సోంబరు మావ వాళ్ళ అన్న పోయినప్పుడు ఆ ఇంటికీ ఇలాగే చేశాను."

తల్లి చేతిలోని ఆకు కింద పెట్టింది. తిట్టలేదు. తిడితే రత్నకు బాగుండేది.

"ఆ సోంబరు వదిన ఎంత కుమిలిందో," అంది. "రోజూ ఆ బండెక్కి ఎవరొచ్చినారా అని సూత్తన్నావు. నువ్వూ రానేదు గదే."

"నేనిక్కడే ఉన్నాను కదమ్మా?"

"ఉన్నావు. పెరటి దారిని వచ్చీసినావు. ఎప్పుడు తీసుకెల్తారని అడిగినావు. మీ అయ్యకి వచ్చినానని సెప్పినావేటి? అయిదు రోజులబట్టీ నాను ఎదురుసూత్తన్నాను."

రత్న లేచింది. పక్కింటికి వెళ్ళి గుప్పెడు చోళ్ళు అడిగి తీసుకుంది. వాన సన్నగా మొదలైంది. ఇంటి ముందుకు నడిచి వచ్చి, గుమ్మం దగ్గర ఖాళీ బుట్టలో గుప్పెడు పోసింది. చోళ్ళు తడిసి అరచేతికి అంటుకుంటే, దులిపి మరీ పోసింది. తల్లి లోపల కూర్చునే ఉంది, ఎవరో పరాయి మనిషి వచ్చినట్టు చూస్తోంది.

"ఎవరింటోళ్ళు?" అని అడిగింది, అందరినీ అడిగినట్టే.

రత్న నోరు తెరిచింది. రెండు మాటలు చెప్పాలి, అంతే. తొమ్మిది నియమాలు రాసిన మనిషికి రెండు మాటలు ఎంతసేపు? కానీ పాడేరు నుంచి బయల్దేరాక ఇన్ని రోజుల్లో తండ్రి పేరు నోటితో పలకలేదని, నోటీసులో రాయడమే తప్ప ఒక్కసారీ పలకలేదని, అప్పుడు తెలిసింది.

"పైడయ్య..." అంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. "పైడయ్య ఇంటి మనిషిని. వచ్చినాను."

తల్లి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూకో," అంది.

రత్న కూర్చుంది. తల్లి ఒక అడ్డాకు తీసి, ఈనెపుల్లతో మొదటి కుట్టు వేసింది.