నానమ్మ చేసిన కల్తీ

ఇంటింటికీ పాలు పోసి పిల్లల్ని పెంచినా, పాలల్లో ఏనాడూ చుక్క నీళ్లు కలపని మనిషి ఆ నానమ్మ. అలాంటి మనిషి జీవితంలో మొదటి కల్తీ ఆసుపత్రిలో చేసింది. అదీ మనవడి మూత్రంలో.

మనవడికి ఆరేళ్లు. గుండ్రంగా ఉంటాడని అందరూ బుడంకాయ అనేవారు. డెంగీ ముదిరి, జ్వరం దిగిన పూటే ఒళ్లు చల్లబడితే తెచ్చి ఐసీయూలో చేర్చారు. సెలైన్ ఎక్కించాక కాస్త తేరుకున్నాడు. మంచం పక్కన కాపలా నానమ్మది.

అక్కడి డాక్టరమ్మ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం తయారుచేసుకుంది. నాడి, బీపీ, రక్తపరీక్షలు, మూత్రం కొలత అందులో వేస్తే, ఏ బిడ్డ కోలుకుంటాడో, ఎవరికి ముప్పు రాబోతోందో రంగుల్లో చెప్పేది. దాని మీద ఆవిడకు కన్నతల్లి మురిపెం.

"అంటే జోస్యమా డాక్టరమ్మా?" అని అడిగింది నానమ్మ.

"జోస్యం కాదు మామ్మగారూ, లెక్క. మీవాడిది ఇప్పుడు పసుపు. మూత్రం బాగా వస్తే పచ్చ అవుతుంది. మామూలు వార్డుకు పంపేస్తాం."

నానమ్మ మంచం కిందున్న, మూత్రం పట్టే గీతల సీసా వైపు చూసింది. అడుగున పిల్లికి పోసే పాలంత ఉంది. అటూ ఇటూ చూసి, తాగే నీళ్లు అందులోకి వంపేసింది.

"ఎవరికీ చెప్పకురా."

"ఒట్టు," అన్నాడు బుడంకాయ నీరసంగా.

నర్సు కొలిచి రాసింది. తెర పచ్చబడింది. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. సెలైన్ తగ్గించమని చెప్పబోతూ, అలవాటుగా పిల్లాడి పాదం పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది. మణికట్టు పట్టుకుంటే నాడి సన్నగా పరుగెడుతోంది.

ఆవిడ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. "మామ్మగారూ, ఇది మీవాడిదేనా?"

"మరి నాదా?"

"కొంచెం నాదే," అన్నాడు బుడంకాయ. "మిగతాది నానమ్మ పోసింది. చెప్పకూడదు, ఒట్టేశాను."

"పాలల్లో నీళ్లు కలిపేవాళ్లని చూశాను గానీ..." అంది డాక్టరమ్మ.

"పాలల్లో ఏనాడూ కలపలేదమ్మా!" నానమ్మకు రోషమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది మామ్మగారూ. ఆ కొలత నమ్మి సెలైన్ తగ్గించి ఉంటే..." డాక్టరమ్మ ఎన్ని నీళ్లు పోసిందో నానమ్మను అడిగి, అవి తీసేసింది. అసలు కొలత వేసింది. తెర ఎర్రబడింది.

సెలైన్ పెంచారు. మళ్లీ మళ్లీ రక్తం పరీక్షించారు. నానమ్మ మనవడి పాదాలు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. పచ్చరంగు మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాటికి ఆ పాదాలు వెచ్చబడ్డాయి. బుడంకాయ ఆకలి అన్నాడు. మధ్యాహ్నానికి సీసా మూతిదాకా నిండింది. డాక్టరమ్మ సీసాను చూసింది, తర్వాత నానమ్మను చూసింది.

"నా మనవడి మీద ఒట్టు! ఈసారి నేను కాదు!"

"నిజమైతే సెలైన్ ఆపాలి. బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తోందన్నమాట. ఇంకా ఎక్కిస్తే ఊపిరికే ఇబ్బంది. అబద్ధమైతే ఆపకూడదు," అంటూ డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాన్నా, మళ్లీ వచ్చినప్పుడు చెప్పు. నేను చూడాలి."

కాసేపటికే బుడంకాయ వస్తోందన్నాడు. సీసా పట్టుకున్నాడు. ఎంతకీ రాలేదు.

"అందరూ చూస్తుంటే ఎలా వస్తుంది?"

డాక్టరమ్మ అటు తిరిగింది. నర్సు అటు తిరిగింది. నానమ్మ చేతులు రెండూ పైకెత్తి, నీళ్లసీసా నర్సు చంకలో పెట్టి మరీ తిరిగింది. ముగ్గురూ గోడ చూస్తూ చెవులు రిక్కించారు.

మొదట సన్నగా, తర్వాత ధారగా చప్పుడు వినిపించింది. అది ఆగేలా లేదు.

"నానమ్మా, ఇంకో సీసా!" అని అరిచాడు బుడంకాయ.

"సెలైన్ ఆపేయమ్మా," అంది డాక్టరమ్మ నర్సుతో, తెర వైపయినా చూడకుండా, పగలబడి నవ్వుతూ.