గుట్ట మీద శనివారం

నేను పులిహోర కలుపుతుంటే పవన్ బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నాడు. "పదకొండు మందికి సరిపోవాలె. పోయినసారి తక్కువైంది."

ఐర్లాండ్‌కు వచ్చి రెండేళ్లు. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నాది, నా వెంట వచ్చింది నా మొగుడు పవన్. అయినా దిగిన వారానికే తనకు క్రికెట్ జట్టు దొరికింది. నాకు ఆ జట్టు గిన్నెలు దొరికాయి. శనివారం డ్యూటీ లేకపోతే పొద్దున్నే పులిహోర, సాయంత్రం గడ్డి మరకల ప్యాంట్లు.

ఆ రోజు మాత్రం నేనూ ఒక చోటికి వెళ్లాలి. నా వార్డులోనే పనిచేసే ఏంజెల్ అక్క, మన వైపు వైరా ఊరి మనిషి, శనివారాలు కొందరు ఆడవాళ్లతో కలిసి గుట్టలెక్కుతుంది. ఆరు నెలల నుంచి నన్నూ రమ్మంటోంది. పవన్‌కు చెబితే నవ్వాడు. "ఉత్తగ నడవనీకి పోతరా? డ్యూటీల నడిచింది సాల్దా? పండుకో, రెస్ట్ తీస్కో." ఫోన్లో అత్తమ్మ ఇంకో మాట కలిపింది. "నడక గూడ ఆటేనా బిడ్డా? ఇంట్ల పని లేనోళ్లు చేస్తరు." నా విశ్రాంతి ఎలా ఉండాలో కూడా వీళ్లే చెబుతుంటే ఒళ్లు మండింది. పులిహోర డబ్బాలకెత్తి, మూతలు పెట్టి, వెళ్లిపోయాను.

గుట్ట దారంతా పైన్ చెట్లు. అందరూ ముందు, నేను వెనక. సగం దూరం ఎక్కాక చూసుకుంటే నా చంకలో ఒక మోపు! ఎండు పుల్లలు. ఎప్పుడు వంగానో, ఎప్పుడు ఏరానో తెలియదు. మెడలోని స్కార్ఫ్ తీసి కట్టేశాను కూడా.

"ఏందే శారదా, మీ ఇంట్ల గ్యాస్ అయిపోయిందా?" ఏంజెల్ అక్క పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. బూర్గంపాడు దాటాక అడవి అంచున మా ఊరు. ఏడేళ్లప్పటి నుంచి కట్టెలకో, తునికాకుకో, ఇప్పపువ్వుకో తప్ప అడవిలో అడుగు పెట్టి ఎరగను. ఏమీ దొరక్క తిరిగొస్తే నాయనమ్మ వాకిట్లోనే నిలబెట్టేది. "ఆడపిల్లవు, ఉత్త చేతులతోని ఎట్లొచ్చినవే?"

మోపు దారి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపు జేబుల్లో పెట్టుకున్నాను, కాసేపు వెనక్కి కట్టుకున్నాను.

పైకి చేరగానే గాలి ఈడ్చి కొట్టింది. కింద చెరువులు, గొర్రెలు, ఆ చివరన సముద్రం. మబ్బుల నీడలు పొలాలు దాటి, ఎదుటి గుట్ట ఎక్కి, అటువైపు దిగిపోతున్నాయి. మబ్బుకు నీడ ఉంటుందని, అది అలా నడుస్తుందని ముప్పై నాలుగేళ్లకు చూశాను. ఇంత లోకం రోజూ ఇక్కడే ఉందా? నేను లేకపోయినా ఉందా? ఎవరికీ ఏమీ వడ్డించకుండా అంతసేపు ఊరికే నిలబడడం నా జన్మలో అదే మొదటిసారి.

మరునాడు పొద్దున అమ్మకు ఫోన్ చేశాను.

"గుట్ట నుంచి ఏం తెచ్చినవ్ బిడ్డా?"

"ఏం తేలేదమ్మా."

"మరెందుకు పోయినవ్?"

"చూడనీకి."

చూసిందంతా చెప్పాను. అమ్మ ఊకొడుతూనే ఉంది. అంతలో పవన్ హాల్లోంచి కేకేశాడు. "వచ్చే శనివారం ఫైనల్. ఇరవై మందికి చెయ్యాలె."

"నేనుండ. గుట్టకు పోత. ఇగ ప్రతి సెలవుకు పోత," అన్నాను, ఫోన్ చెవిన ఉండగానే. గొంతు పెంచలేదు. హాల్లో టీవీ చప్పుడు తగ్గింది.

అమ్మ అంతా విన్నది. మొగుడితో గట్లనే మాట్లాడుతవా అని తిడుతుందనుకున్నాను.

"శారదా, మన ఊరి గుట్ట మీదికెళ్లి గోదారి కనబడతదంట. మీ నాయిన చెప్పేటోడు. నలభై ఏండ్ల సంది ఎక్కుతున్న. ఎక్కేటప్పుడు కట్టెల కోసం నేలకే చూస్తుంటి, దిగేటప్పుడు తలమీద మోపాయె. నేనెన్నడు చూడలే బిడ్డా. రేపు పొద్దుగాల పోయి చూసొస్త."